నాణేన్ని గ్రేడింగ్‌కు పంపాలా, వద్దా: లెక్క ఎలా వేసుకోవాలి

నాణేల సేకరణలో కొంతకాలం గడిపిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. చేతిలో మంచి నాణెం ఒకటి ఉంటుంది. దానికి విలువ ఉందని తెలుసు గానీ ఎంత ఉందో కచ్చితంగా తెలియదు. దాన్ని, నాణేలు అసలువో కావో, ఏ స్థితిలో ఉన్నాయో పరీక్షించే గ్రేడింగ్ సంస్థకు పంపి, ఆ స్థితిని తెలిపే నంబరు వేయించి, గట్టి ప్లాస్టిక్ స్లాబ్‌లో మూయించి తెచ్చుకోవాలా, లేక ఇప్పుడున్న కవరులోనే ఉంచాలా అన్నది మాత్రం ఎంతకీ తేలదు. తెలిసినవారిని అడిగితే కొందరు తప్పకుండా పంపమంటారు, కొందరు డబ్బు దండగ అంటారు. ఎవరికి వారు తమ దగ్గరున్న నాణేలను దృష్టిలో పెట్టుకుని చెబుతారు కాబట్టి ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గ్రేడింగ్ సంస్థ నాణేనికి కొత్తగా ఏమీ చేర్చదు. వెండి బరువు పెరగదు, అరిగిన బొమ్మ మళ్ళీ పైకి లేవదు. ఆ సంస్థ అమ్మేది కొనేవారి అనుమానానికి ఒక సమాధానం. నాణెం విడిగా ఉన్నప్పుడు కొనేవారు తమ అనుమానం మేరకు ధర తగ్గించి అడుగుతారు. ఆ తగ్గింపు గ్రేడింగ్ ఖర్చు కంటే ఎక్కువగా ఉంటే పంపాలి, తక్కువగా ఉంటే పంపనవసరం లేదు. చెప్పడానికి ఇంత తేలికగా ఉన్నా, ఈ రెండు మొత్తాలనూ నిజాయితీగా అంచనా వేయడంలోనే అసలు కష్టమంతా ఉంది.

ఈ వ్యాపారం ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే విషయం కొంత స్పష్టపడుతుంది. ఇప్పుడు అందరూ వాడుతున్న 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా నాణేల సేకర్త ప్రతిపాదించారు. ఆయన దాన్ని అమెరికా తొలినాళ్ళ పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేశారు. 1 గ్రేడు నాణెం ధరకు 70 గ్రేడు నాణెం ధర డెబ్బై రెట్లు ఉంటుందన్నది ఆయన లెక్క. ఆ నిష్పత్తిని మార్కెట్టు ఎంతోకాలం పాటించలేదు కానీ అంకెలు మాత్రం నిలిచిపోయాయి. తరువాత 1972లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ నకిలీల బెడద తట్టుకోవడానికి నాణేల ప్రామాణికతను నిర్ధారించే విభాగాన్ని నెలకొల్పింది. అదే ఎఎన్ఏసీఎస్. 1979 నుంచి అది గ్రేడు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు వచ్చి, గ్రేడు వేసిన నాణేన్ని మూసివేసిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, దానికి హామీ కూడా ఇచ్చే పద్ధతిని స్థిరపరిచాయి. అంతకు ముందు గ్రేడు అంటే అమ్మేవాడి నోటిమాట. ఒకే వ్యాపారి ఒకే నాణేన్ని కొనేటప్పుడు కాస్త అరిగిందని, అమ్మేటప్పుడు కొత్తదని వర్ణించడం మామూలుగా జరిగేది. మూడో మనిషి అవసరం అక్కడ పుట్టింది.

కాబట్టి నాణెం చేతిలోకి తీసుకున్నప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే. దీన్ని చూసి కొనేవాడు ఏ విషయంలో అనుమానపడతాడు? అసలుదా నకిలీదా అన్నది ఒక అనుమానం. ఎవరైనా తోమారా, మరమ్మతు చేశారా అన్నది మరొకటి. ఈ రెండూ తీరాక, ఏ అంకెకు తగినదన్నది మూడోది. మూడింటి బరువు ఒకటి కాదు.

నకిలీ అన్న అనుమానం అన్నిటికంటే ఖరీదైనది, ఎందుకంటే అది నిజమైతే నాణెం విలువ లోహం విలువకో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. 1909 లింకన్ సెంటు దీనికి మంచి ఉదాహరణ. ఆ సంవత్సరం ఫిలడెల్ఫియాలో రూపశిల్పి విక్టర్ డేవిడ్ బ్రెనర్ పొడి అక్షరాలు వీడీబీతో 2 కోట్ల 79 లక్షలకు పైగా సెంట్లు ముద్రించారు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో అవే అక్షరాలతో, ఎస్ గుర్తుతో ముద్రించినవి 4,84,000 మాత్రమే. మొదటి రకం నాణెం సులువుగా దొరుకుతుంది, రెండోదాని కోసం సేకర్తలు ఎగబడతారు, రెండింటికీ తేడా ఒక చిన్న ఎస్ అక్షరం. ఆ అక్షరాన్ని మామూలు నాణెం మీద అతికించి అమ్మడం ఎంత లాభసాటో వేరే చెప్పనక్కరలేదు. 1916లో డెన్వర్‌లో 2,64,000 మాత్రమే ముద్రించిన మెర్క్యురీ డైమ్ (పది సెంట్ల నాణెం) కథా ఇదే. అక్కడ అతికించే అక్షరం డి. అసలు నాణేలను నాలుగే నాలుగు బొరుసు వైపు అచ్చులతో కొట్టారు కాబట్టి, ఆ డి ఎక్కడ ఉండాలో, ఎంత వాలి ఉండాలో తెలిసినవారు భూతద్దంతో పోల్చి చెప్పగలరు.

1893 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో మోర్గన్ డాలరు అనే అమెరికా వెండి నాణెం విషయంలో ఈ పరీక్ష ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఆ ఏడాది అక్కడ ముద్రించినవి లక్ష మాత్రమే, అన్నిటికీ బొమ్మ వైపు వాడిన అచ్చు ఒక్కటే. స్వేచ్ఛాదేవి తల మీది పట్టీలో లిబర్టీ అన్న పదం ఉంటుంది. అందులోని టి అక్షరం పైభాగంలో అచ్చు మీది గీత కారణంగా ఏర్పడిన సన్నని ఏటవాలు గీటు, ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అచ్చు ఒక్కటే కాబట్టి ఆ గీటు అసలు నాణేలన్నిటి మీదా పడింది. 1893లోనే ఫిలడెల్ఫియాలో కొట్టిన డాలరుకు ఎస్ అతికించినా, 1898 ఎస్ డాలరు మీద చివరి 8ని చెక్కి 3గా మార్చినా ఆ గీటు రాదు. పదిరెట్లు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం) కింద, ఒకే దీపం వెలుతురులో, నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ ఆ టి అక్షరం కోసం వెతకడం ఈ వ్యసనంలో నాకు నచ్చే పనుల్లో ఒకటి. అయితే నాణెం బాగా అరిగితే ఆ గీటూ అరుగుతుంది. అది కనబడనంత మాత్రాన నాణెం నకిలీ అయిపోదు. కనబడినా కొనేవారు మన మాట మీద అంత డబ్బు పెట్టరు. ఇలాంటి నాణెం ఎంత అరిగిపోయినా, ఒకవేళ దెబ్బతిన్నదైనా, పంపడమే మంచిది. ఇక్కడ గ్రేడు అంకె కంటే, అసలుదే అన్న ధ్రువీకరణకే కొనేవారు డబ్బు ఇస్తారు.

పంపే ముందు ఇంట్లోనే కొంత వడపోత సాధ్యమే. మోర్గన్ డాలరు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ 7.98 గ్రాములకు కాస్త ఎక్కువ, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. గ్రాములో వందో వంతు వరకు తూచే చిన్న కాటా, వ్యాసం, మందం కొలిచే కాలిపర్ ఉంటే చాలా నకిలీలు అక్కడే పట్టుబడతాయి. వెండి నాణెం అయస్కాంతానికి అంటుకుంటే ఇక ఆలోచించే పనే లేదు. ఈ పరీక్షల్లో నెగ్గినంత మాత్రాన నాణెం అసలుదని తేలదు, ఓడితే మాత్రం రుసుము మిగిలినట్టే.

ఇక రెండో అనుమానం. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారి ఆశలు ఎక్కువగా ఇక్కడే తలకిందులవుతాయి. గ్రేడింగ్ సంస్థలు తోమిన నాణేనికి మామూలు అంకె గ్రేడు ఇవ్వవు. అసలుదేనని ఒప్పుకుని, ఎంత అరిగిందో చెప్పి, పక్కన లోపం పేరు రాస్తాయి. దాన్ని డీటెయిల్స్ గ్రేడు అంటారు. తోమడం, గీతలు, అంచు దెబ్బతినడం, నగగా వాడినప్పుడు పెట్టిన కొక్కెం తీసిన గుర్తు, భూమిలో ఉండి తినివేయబడటం, కృత్రిమంగా రంగు ఎక్కించడం, ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. మామూలు నాణేనికి ఈ ముద్ర పడితే చేసిన ఖర్చు చాలావరకు పోయినట్టే. విడిగా అమ్మి ఉంటే కొనేవాడు గమనించేవాడో లేదో గానీ, ఇప్పుడు లోపం స్లాబ్‌లోని చీటీ మీదే రాసి ఉంటుంది.

తోమిన నాణేన్ని గుర్తించడం కొద్దిగా సాధన చేస్తే వస్తుంది. ముద్రణ సమయంలో అచ్చు ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనిపించనంత సన్నని గాళ్ళుగా ఉపరితలం మీద నిలుస్తాయి. గదిలో మిగతా దీపాలు ఆర్పి, ఒకే బల్బు కింద నాణేన్ని వంచి తిప్పితే, ఆ గాళ్ళ మీద పడిన వెలుగు బండిచక్రం ఆకుల్లా కేంద్రం చుట్టూ తిరుగుతుంది. కొత్త నాణేనికి ఉండే సహజమైన తళుకు ఇదే. బట్టతోనో, పేస్టుతోనో, వంటసోడాతోనో తోమితే ఆ గాళ్ళు చెరిగిపోయి, వాటి స్థానంలో ఒకే దిక్కుకు పోయే సమాంతర గీతలు ఏర్పడతాయి. అప్పుడు నాణెం మెరుస్తుంది గానీ వెలుగు తిరగదు, ఎటు వంచినా ఒక్కచోటే నిలిచిపోతుంది. అక్షరాల పక్కన, బొమ్మ అంచుల మూలల్లో మురికి అలాగే ఉండి, ఖాళీ భాగం మాత్రం తెల్లగా ఉంటే అది మరో గుర్తు. ఆమ్లంలో ముంచి తీసిన నాణేలను కనిపెట్టడం ఇంతకంటే కష్టం. ఒకసారి, అదీ క్షణంపాటు ముంచితే గ్రేడర్లు కూడా ఊరుకోవచ్చు. పదేపదే ముంచినదానికి మాత్రం తళుకు చచ్చి, సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది.

అందుకే పంపే ముందు నాణేన్ని శుభ్రం చేయాలన్న కోరికను గట్టిగా అణచుకోవాలి. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉన్న నాణేల మీద జిగటగా ఆకుపచ్చ పూత ఏర్పడుతుంది. దాన్ని రాగి చిలుముగా పొరబడేవారు చాలామంది. అది లోహాన్ని తినేస్తుంది, గ్రేడింగ్ సంస్థలు కూడా అలాంటి నాణేలకు శుభ్రమైన గ్రేడు ఇవ్వవు. స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు పాత్రలో, రుద్దకుండా నానబెట్టి తీస్తే ఆ పూత కరిగిపోతుంది, లోహానికి హాని జరగదు. గోళ్ళరంగు తుడిచే ద్రవాల్లో అసిటోన్‌తో పాటు ఇతర పదార్థాలు కలుస్తాయి కాబట్టి అవి పనికిరావు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

మూడో అనుమానం అంకె గురించి. 60 నుంచి 70 వరకు చలామణీలోకి పోని నాణేలకు ఇస్తారు, ముందు ఎంఎస్ అని ఉంటుంది. 50, 53, 55, 58 అంకెలు కొద్దిగా అరిగిన నాణేలవి, వాటికి ముందు ఎయూ ఉంటుంది. పీఎఫ్ లేదా పీఆర్ అన్నది నాణ్యతను సూచించదు, ప్రత్యేకంగా తయారు చేసిన ప్రూఫ్ నాణెమని మాత్రమే చెబుతుంది. నాకు విచిత్రంగా తోచే సంగతి ఏమిటంటే, చక్కటి ఎయూ 58 నాణెం చూడడానికి ఎంఎస్ 60 నాణెం కంటే ఎంతో అందంగా ఉండవచ్చు. 60 నాణెం అరగలేదు గానీ ఒళ్ళంతా దెబ్బలు తిని ఉంటుంది. 58 నాణేనికి ఎత్తైన భాగాల మీద పైపై రాపిడి మాత్రమే ఉంటుంది.

ఒక అంకెకూ పక్క అంకెకూ మధ్య ధర ఎంత మారుతుందన్నది నాణెం చరిత్రను బట్టి ఉంటుంది. మోర్గన్ డాలర్లలో చాలా భాగం ముద్రించిన తరువాత వెయ్యేసి చొప్పున సంచుల్లో కట్టి ఖజానాలో పడేశారు. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. మిగిలిన సంచులు 1962 చివరి నుంచి 1964 మార్చి వరకు పెద్దఎత్తున బయటికి వచ్చాయి. అందుకే 1881 ఎస్ డాలరు వందేళ్ళు దాటినా మెరిసిపోతూ, 63, 64, 65 గ్రేడుల్లో కుప్పలుగా దొరుకుతుంది. సంచిలో నాణెం అంచు మరో నాణెం చెంపకు తగిలిన గంట్లే దాని గ్రేడును నిర్ణయిస్తాయి. దేవత చెంప, ఎదుటి ఖాళీ భాగం శుభ్రంగా ఉంటే గ్రేడు పెరుగుతుంది, జుట్టు ముడతల మధ్య ఉన్న గంటును అంతగా పట్టించుకోరు. దీనికి పూర్తిగా విరుద్ధమైనది 1884 ఎస్ డాలరు. 32 లక్షలు ముద్రించినా అవి ఎక్కువగా చలామణీలోకి పోయి అరిగాయి. అరిగిన నాణెం తేలికగా దొరుకుతుంది, ఏమాత్రం అరగనిది అపురూపం. దీనిలో ఎయూ 58కీ ఎంఎస్ 61కీ మధ్య ఉన్న తేడా ధరను ఎన్నో రెట్లు మార్చేస్తుంది. 1881 ఎస్‌లో అదే తేడాకు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అరగని 1884 ఎస్ నాణేన్ని విడిగా అమ్మజూపడం అవివేకం. 1881 ఎస్ 63 దగ్గర ఉందనిపిస్తే పంపడం అవివేకం.

ఇక లెక్కకు వద్దాం. ఒక నాణేన్ని విడిగా అమ్మితే 100 వస్తుందనుకుందాం. గ్రేడింగ్ తరువాత 63 వస్తే అదే 100, 64 వస్తే 130, 65 వస్తే 300, డీటెయిల్స్ వస్తే 40 పలుకుతుందనుకుందాం. రుసుము, రానుపోను తపాలా, బీమా అన్నీ కలిపి నాణేనికి 40 ఖర్చు. నా నాణేనికి 65 వచ్చే అవకాశం పదింట ఒక వంతు, 64కు 40 శాతం, 63కు 35 శాతం, డీటెయిల్స్‌కు 15 శాతం అని అనుకుంటే, సగటున రాగలిగేది 30, 52, 35, 6 కలిపి 123. అందులోంచి 40 తీసేస్తే 83. విడిగా అమ్మితే వచ్చే 100 కంటే తక్కువ. అదే 65 వచ్చే అవకాశం 30 శాతం, 64కు 40, 63కు 20, డీటెయిల్స్‌కు 10 అయితే మొత్తం 166, ఖర్చు పోగా 126. ఇప్పుడు పంపడమే లాభం. నాణెం అదే, ధరలు అవే, మారినదల్లా మన అంచనా. మన నాణెం మీద మనకున్న మమకారమే ఈ లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. ప్రతివాడికీ తన నాణెం 65 లాగే కనిపిస్తుంది.

ఆ మమకారానికి విరుగుడు ఒకటే. వేలం సంస్థలు గత అమ్మకాల ఫొటోలను ధరలతో సహా భద్రపరుస్తాయి. అదే సంవత్సరం, అదే టంకశాల గుర్తు ఉన్న నాణేలను 63, 64, 65 గ్రేడుల్లో పది పదిహేను చొప్పున వరుసగా చూసి, ఆ తరువాతే సొంత నాణెం చూడాలి. మొదట నాణెం చూసి, తరువాత దానికి అనుకూలమైన ఫొటోల కోసం వెతికితే ఎవరికైనా దొరికే తీరతాయి. ధరల విషయంలోనూ ధరల పట్టికల్లో అచ్చయిన అంకెలు కాకుండా, నిజంగా అమ్ముడుపోయిన ధరలనే, కమిషన్ పోగా చేతికి వచ్చేదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఖర్చును కూడా చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. రుసుము ఒక్కటే కాదు. మనం చెప్పుకున్న విలువను బట్టి శ్రేణి మారుతుంది, విలువ ఎక్కువైతే రుసుమూ ఎక్కువ. తొందరగా కావాలంటే అదనం. అచ్చు తేడాలను బట్టి రకం గుర్తించి చీటీ మీద రాయాలంటే అదనం. నేరుగా పంపాలంటే కొన్ని సంస్థలకు సభ్యత్వం కావాలి. దేశం దాటించాల్సి వస్తే కస్టమ్స్ పత్రాలు, పాత వస్తువుల ఎగుమతి మీద ఉండే ఆంక్షలు తోడవుతాయి. వీటన్నిటికీ తోడు, నాణెం నెలల తరబడి మన చేతిలో ఉండదు. ఒక్క నాణెం పంపినా పది పంపినా తపాలా ఖర్చులో పెద్ద తేడా ఉండదు కాబట్టి నలుగురు కలిసి పంపడం ఈ రంగంలో పాత అలవాటు.

అంకె కూడా చివరికి మనుషుల అభిప్రాయమే. ఒక్కో నాణేన్ని ఒకరికంటే ఎక్కువ మంది విడివిడిగా చూసి ఒక అభిప్రాయానికి వస్తారు గానీ, ఒక్కొక్కరు దాని మీద వెచ్చించే సమయం చాలా కొద్ది. 64కూ 65కూ సరిహద్దులో ఉన్న నాణెం ఒకసారి ఇటు, ఒకసారి అటు పడటం సహజం. దీన్నే ఆసరాగా తీసుకుని స్లాబ్ పగలగొట్టి మళ్ళీ మళ్ళీ పంపేవారున్నారు. ఆ కారణంగానే తాము ఏ గ్రేడు ఎన్ని నాణేలకు ఇచ్చామో చెబుతూ సంస్థలు ప్రచురించే పట్టికలను (పాపులేషన్ రిపోర్టులను) చూసి ఫలానా గ్రేడులో ఇన్నే ఉన్నాయని నమ్మకూడదు. పాత చీటీలు తిరిగి ఇవ్వకపోతే ఒకే నాణెం రెండుమూడు సార్లు లెక్కలోకి వస్తుంది. 2007లో మొదలైన సీఏసీ సంస్థ, అప్పటికే గ్రేడు పొందిన నాణేలను తిరిగి పరిశీలించి, ఆ గ్రేడుకు గట్టిగా తగినవాటికి ఆకుపచ్చ స్టిక్కరు, పై గ్రేడుకు తగినవాటికి బంగారు రంగు స్టిక్కరు వేయడం మొదలుపెట్టింది. అనుమానం తీర్చేవారి మీద అనుమానం తీర్చడానికి మరొకరు వచ్చారన్నమాట. నవ్వుకోవచ్చు గానీ ఆ స్టిక్కరుకు మార్కెట్టులో ధర ఉంది.

కొన్ని రకాల నాణేలకు ఈ లెక్క వేరుగా ఉంటుంది. రాగి నాణేలకు అంకెతో పాటు రంగు కూడా రాస్తారు. బీఎన్ అంటే గోధుమ రంగు, ఆర్‌బీ అంటే కలగలుపు, ఆర్‌డీ అంటే దాదాపు 95 శాతం అసలు ఎరుపు నిలిచి ఉన్నది. ఎర్ర నాణేనికి ఎక్కువ ధర పలుకుతుంది, కానీ స్లాబ్‌లో ఉన్నా రాగి రంగు మారగలదు. స్లాబ్ గాలి చొరని పెట్టె ఏమీ కాదు, రంగు మార్పు సాధారణంగా హామీలోకీ రాదు. కొత్త వెండి నాణేల మీద తరువాత కాలంలో తేలే తెల్లటి మచ్చలదీ ఇదే పరిస్థితి. ఈ కొత్త నాణేల్లో 70 అంటే అయిదు రెట్ల భూతద్దంలో కూడా లోపం కనబడనిది. టంకశాల నుంచి నేరుగా వచ్చినవి ఎక్కువగా 69, 70లే తెచ్చుకుంటాయి. 69 వస్తే చాలాసార్లు ఖర్చు కూడా తిరిగి రాదు, కాబట్టి 70 మీద పందెం కాయడానికి వాటిని పంపడం నాకు ఇష్టం ఉండదు. లోహం ధరకు దగ్గరగా అమ్ముడయ్యే మామూలు బంగారు నాణేలకు కూడా గ్రేడు అంకె అనవసరం. నకిలీల భయం ఉన్నచోట అసలుదన్న ధ్రువీకరణ కోసం మాత్రం పంపవచ్చు. ప్రాచీన నాణేలకు ఎన్‌జీసీ మామూలు గ్రేడుతో పాటు ముద్రణకు, ఉపరితలానికి విడివిడిగా అయిదుకు ఇన్ని మార్కులని ఇస్తుంది. అయితే రెండువేల ఏళ్ళ నాటి నాణేన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూడాలనుకునే సేకర్తలు చాలామంది దాన్ని పెట్టెలో మూయడమే అపచారం అనుకుంటారు. నేను వారి పక్షమే. అలాంటి నాణేలకు పేరున్న వ్యాపారి ఇచ్చే రసీదు, పాత వేలాల జాబితాల్లో దాని ఫొటో, చేతులు మారిన చరిత్ర, ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

అమ్మే ఉద్దేశమే లేనివారి సంగతి వేరు. తీర్చవలసిన అనుమానం ఎవరిదీ లేనప్పుడు గ్రేడింగ్‌కు కారణం ఉండదు. ఆల్బమ్‌లో వరుసగా పేర్చుకుని చూసుకునే నాణేలు స్లాబ్‌లలోకి పోతే ఆ వరుస పోతుంది, చాలా హోల్డర్లలో అంచు కూడా పూర్తిగా కనబడదు. అయినా ఒక సందర్భంలో మాత్రం పంపమనే చెబుతాను. సేకర్త తరువాత ఆ సేకరణ నాణేలు తెలియని కుటుంబసభ్యుల చేతికి వెళుతుంది. వారికి అరుదైన 1893 ఎస్ కూ మామూలు 1921 డాలరుకూ తేడా తెలియదు, తెలియదని కొనేవారికి తెలుసు. మొత్తం సేకరణలో విలువంతా కూడగట్టుకున్న ఆ కొద్ది నాణేలను గ్రేడ్ చేయించి, మిగిలినవాటికి చేతిరాతతో ఒక పట్టిక రాసి పెడితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

పంపాలని తేలిన తరువాత ఏ సంస్థకు అన్న ప్రశ్న వస్తుంది. ఎవరికి అమ్మబోతున్నామో వారు ఏ సంస్థ మాటను నమ్ముతారో చూసుకోవాలి. తెలియని సంస్థ ఉదారంగా ఇచ్చిన 67 కంటే, నమ్మకమైన సంస్థ ఇచ్చిన 64కే ఎక్కువ ధర పలకడం మార్కెట్టులో రోజూ కనిపించేదే. పంపే ముందు నాణేనికి రెండు వైపులా, అంచుకూ స్పష్టమైన ఫొటోలు తీసి, బరువు రాసి ఉంచుకోవాలి. స్లాబ్ తిరిగి వచ్చాక చీటీ మీది సంవత్సరం, టంకశాల గుర్తు, రకం సరిగా ఉన్నాయో లేదో వెంటనే చూడాలి. చీటీ అచ్చులో పొరపాట్లు దొర్లుతుంటాయి, వాటిని వారు సరిచేసి ఇస్తారు. ధ్రువీకరణ నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ కనిపించే వివరాలతో పోల్చుకోవడం ఇతరుల స్లాబ్‌లు కొనేటప్పుడు మరింత అవసరం, ఎందుకంటే నకిలీ స్లాబ్‌ల మీద కూడా నిజమైన నంబర్లే అచ్చువేస్తున్నారు. నంబరు సరిపోయినా, అక్కడి ఫొటోలోని గంట్లు, మచ్చలు మన చేతిలోని నాణెం మీద అదే చోట ఉన్నాయో లేదో చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి.